వరుసకు ఒక్క పేరు

ప్రామాణికాల కమిటీ ఆఫీసు,
మూడో అంతస్తు, కిటికీ లేని గది.
ఫిబ్రవరి 6

వదినా,

అన్నయ్య పోయి నాలుగేళ్లు దాటింది. పోయిన గురువారం మధ్యాహ్నం మూడూ పన్నెండుకి ఆయన "చదువరి"లో ఒక తప్పు సరిచేశాడు. అంతకు ముందు నెలలో రెండు. పోయిన తర్వాత చేసినవి మొత్తం యాభై మూడు. బతికుండగా వరండాలో బల్బు మార్చమంటే ఆరు నెలలు తిప్పిన మనిషి.

ఈ వారమే నా కంటపడింది. రిపాజిటరీలో, అంటే ప్రోగ్రాముల గోదాములో, ఉన్న ప్రతి ప్యాకేజీనీ కొత్త జాబితాలోకి ఎక్కించడం ఇప్పుడు మా పని. చూపులేనివాళ్లకి కంప్యూటర్ తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే చదువరి దగ్గరికి వచ్చేసరికి, "బాధ్యులు" అన్న వరుసలో మా అన్నయ్య పేరుంది. ప్రోగ్రాం మీద డిజిటల్ సంతకం ఆయన తాళంచెవితో పడింది. ఆయన పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. ఎవరని నిన్ను అడగను.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తున్నాను, రేపు నాకు చెప్పలేదని అనకు. లినక్స్ కంప్యూటరు అప్‌డేట్ కోసం బయల్దేరినప్పుడు గోదాములోకి తొంగిచూడదు. గోదాము గుమ్మానికి తగిలించిన జాబితా చూస్తుంది. ఏ ప్రోగ్రాం, ఎన్నో వెర్షను, ఎంత సైజు, నడవడానికి ఇంకేం కావాలి, ఎవరు బాధ్యులు, ఎవరి సంతకం. ఒక్కో సంగతికి ఒక్కో వరుస. జాబితాలో ఉంటే ఉన్నట్టు. లేకపోతే గోదాములో సరుకు కప్పు దాకా ఉన్నా లేనట్టే. ఇన్నాళ్లూ ఒక్కో గోదాముది ఒక్కో తీరు. ఇకమీదట అందరికీ ఒకే నమూనా. ఆ నమూనా రాయడానికే మా కమిటీ.

అందులో పద్నాలుగో నియమం: బాధ్యులు అన్న వరుసలో బతికి ఉన్న ఒక్క వ్యక్తి పేరు మాత్రమే ఉండాలి. మే 31 లోపు ఆ వ్యక్తి ఫోనులో జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆ ప్యాకేజీ కొత్త జాబితాకి ఎక్కదు. చూపులేనివాళ్ల పఠన మందిరాల్లో పదకొండు వందల నలభై కంప్యూటర్లలో చదువరి నడుస్తోంది. అప్‌డేట్లు ఆగినా కొన్నాళ్లు గడుస్తుంది. చుట్టూ ఉన్న ప్రోగ్రాములన్నీ మారిపోతుంటే ఒకరోజు అది నోరు మూసుకుంటుంది.

గొడవెందుకు వదినా, నీ పేరు పెట్టెయ్యి. ఎవరికీ ఏమీ తెలియకుండా అయిపోతుంది.

నీ మరదలు

*

రిపేరు గది, బస్ డిపో వెనక గోడ.
ఫిబ్రవరి 15

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో టంకం పెడుతున్నాను. మొదటి పేరా చదివేసరికి రెండో చెయ్యి కాలింది. కమిటీ ఖాతాలో రాసుకో.

అవును, తాళంచెవి నా దగ్గరే ఉంది. మొగుడి కళ్లజోడు, చెప్పులు, తాళంచెవి నా దగ్గర ఉండక కమిటీ దగ్గర ఉంటాయా? దొంగతనం అనుకుంటే కేసు పెట్టుకో.

నువ్వు ఉద్యోగంలో చేరిన రోజున సంతకం పెట్టిన కాగితంలో పదకొండో పేరా ఎప్పుడైనా చదివావా? ఉద్యోగకాలంలో ఉద్యోగి రాసిన ప్రతి ప్రోగ్రామూ, ఆఫీసులో రాసినా ఇంట్లో రాసినా సెలవులో రాసినా, సంస్థకే చెందుతుంది. స్నానం చేస్తుండగా తట్టిన ఆలోచన కూడా వాళ్లదే. సబ్బు మాత్రం మనం కొనుక్కోవాలి. దీన్ని నాగరికత అంటున్నారు. పూర్వం వెట్టిచాకిరీలో కనీసం సాయంత్రం ఇంటికి పంపేవాళ్లు, ఇంట్లో తలలోకి దూరేవాళ్లు కాదు.

చదువరిని చూసుకునేది ఆరుగురం. నేను తప్ప మిగతా ఐదుగురూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టినవాళ్లే. టెలిఫోన్ ఆపరేటర్ నీకు గుర్తుండే ఉంటుంది, మీ అన్నయ్యని "సారూ సారూ" అంటూ ఆటపట్టించేది. పుట్టుకతో చూపులేదు. పెద్ద ఆఫీసులో స్విచ్‌బోర్డు దగ్గర కూచుంటుంది. ఒకప్పుడు చదువరి ఫోను నంబరు చదవమంటే తొమ్మిది వందల ఎనభై ఏడు కోట్ల అరవై అయిదు లక్షల అంటూ మొదలుపెట్టేది. "నంబరు అడిగితే జనాభా లెక్కలు చెబుతోందేంటక్కా" అని ఆమె నాలుగు ఆదివారాలు కూచుని ఆ భాగమంతా తిరగరాసింది. ఇవాళ అది ఫోను నంబర్ని మనిషి చెప్పినట్టు చెబుతుంది. ఇంకొకతన్ని మేం నసగాడు అంటాం. ఏ మార్పు తెచ్చినా "పాత డబ్బాలో నడుస్తుందా, పాత డబ్బాలో నడుస్తుందా" అని ప్రాణం తీస్తాడు. అతని నస వల్లే పదిహేనేళ్ల నాటి డబ్బా కంప్యూటర్లు కూడా ఇంకా మాట్లాడుతున్నాయి.

వీళ్ల పేర్లు వరుసలో పెడితే ఏమవుతుందో చెప్పనా? మర్నాడు వాళ్ల సంస్థలు వచ్చి చదువరి మాదంటాయి. మనిషికి పని పోతుంది, జనానికి ప్రోగ్రాం పోతుంది. మీ అన్నయ్య పేరుంటే ఆ పీడ లేదు. చచ్చినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు, పిలిచి బెదిరించలేరు, బదిలీ చెయ్యలేరు. ఈ దేశంలో సంపూర్ణ ఉద్యోగ భద్రత ఉన్నది ఆయన ఒక్కడికే.

ఇక నా పేరు పెట్టమన్నావు. తవ్వింది ఆరుగురు, బావి మీద పేరు నాదా? అలాంటి శిలాఫలకాలు చూసినప్పుడల్లా ఉలి పట్టుకెళ్లాలనిపిస్తుంది నాకు. నా చేత చెక్కిస్తావా?

ఇంతకీ, బతికి ఉన్న ఒక్క వ్యక్తి అని రాసిన మహానుభావుడెవరు? ఒక్కడు మోస్తే తప్ప బరువు బరువు కాదనుకునే ఆ బుర్రని ఒకసారి చూడాలని ఉంది.

వదిన

*

ప్రామాణికాల కమిటీ ఆఫీసు.
ఫిబ్రవరి 24

చదువరి నిర్వాహకులకు,

మీ ఉత్తరం అందింది. నియమాన్ని ఎవరు రాశారన్నది అప్రస్తుతం. ఎందుకు రాశారన్నది మీరు తెలుసుకోవాలి.

రెండేళ్ల క్రితం కంప్యూటర్ గడియారాన్ని సరిచేసే ఒక చిన్న ప్రోగ్రామును ఎవరూ పట్టించుకోకుండా వదిలేశారు. ఎవరో అపరిచితుడు దాన్ని అందుకుని, అందులో దొంగ కోడు కలిపి, సంతకం పెట్టి, జాబితాలో ఎక్కించాడు. జాబితాలో ఉంది కాబట్టి కంప్యూటర్లు కళ్లు మూసుకుని తీసుకున్నాయి. మూడు ఆసుపత్రుల్లో రెండు రోజులు రోగుల కాగితాలు తెరుచుకోలేదు. అడుగుదామంటే ఎవర్ని అడగాలి? చదువరి విషయంలో రేపు అలా జరిగితే పఠన మందిరాల వాళ్లు ఎవరికి ఫోన్ చెయ్యాలి? శ్మశానానికా?

మీరు ఉద్యోగ భద్రత అన్నారు. మేము జనం భద్రత అంటున్నాం. ఒక మనిషి, ఒక పేరు, ఒక ఫోను. ఇది దౌర్జన్యం అయితే రైలుకు డ్రైవరు ఉండాలనడం కూడా దౌర్జన్యమే.

గడువు మే 31. పొడిగింపు లేదు.

కార్యదర్శి

తా.క. చేతికి మందు రాశావా?

*

రిపేరు గది.
మార్చి 5

కార్యదర్శి గారికి,

"మీరు" అని చదవగానే నా వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు, పాత మానిటర్లు తప్ప. తా.క. దగ్గరికొచ్చాక నువ్వే అని తెలిసింది. రాశాను, తగ్గింది.

శ్మశానం మాట బాగుంది. తగలాల్సిన చోటే తగిలింది. నీ వాదంలో నిజముంది కాబట్టి కోపం ఇంకా ఎక్కువొచ్చింది. కానీ సగం నిజమే చెప్పావు. ఆ గడియారం ప్రోగ్రాం సంగతి నేనూ వెతికి చదివాను. దానికి పేరు లేక కాదు తల్లీ, ఉంది. బతికున్న పేరే. ఒక్కటే పేరు. ఆ ఒక్క మనిషి పదకొండేళ్లు ఒంటరిగా మోశాడు. థాంక్స్ చెప్పినవాడు లేడు, తిట్టినవాళ్లు బోలెడు. అలిసిపోయి కూచున్నప్పుడు ఒకడు తియ్యగా మాట్లాడి "నేను సాయం చేస్తా" అంటే తాళంచెవి చేతికిచ్చాడు. మీ రైలుకి డ్రైవరు ఉన్నాడు. నిద్ర లేకుండా పదకొండేళ్లు నడిపించారు, అదీ కథ. అక్కడ ఆరుగురుంటే అయిదుగురు నిద్రపోయినా ఆరోవాడు "ఎవడివిరా నువ్వు" అని అడిగేవాడు.

మన ఇళ్లల్లో ఒక్క మనిషికి పది వరుసలుంటాయి. నేను నీకు వదినని, నీ కొడుక్కి అత్తని, మా అక్క పిల్లలకి పిన్నిని. ఎవరూ తికమకపడరు. మీ కమిటీలో మాత్రం పదిమంది చేసిన పనికి ఒక్క వరుస, అందులో ఒక్క పేరు.

మేం ఫారం నింపాం, నీదాకా వచ్చే ఉంటుంది. బాధ్యులు దగ్గర "మేం" అని రాశాం. మీ తనిఖీ ప్రోగ్రాం పాపం మంచిది. ఒక్క మాటే ఉంది, మధ్యలో కామా లేదు, పేరే అనుకుని పచ్చదీపం చూపించింది. చైర్మన్ గారు కొట్టేశారట. యంత్రానికున్న ఇంగితం ఆయనకి లేదు. పోనీ నీ ముసాయిదాలో ఉన్నది "బాధ్యులు". లు ఉందా లేదా? ఒకరైతే బాధ్యుడు అనో బాధ్యురాలు అనో రాసేవాళ్లు. రేపు సమావేశంలో అడుగు, ఆ "లు" మర్యాదా, లెక్కా అని.

ఇంకో మాట. నియమాల పుస్తకాలు నేనూ చాలా చూశాను. పేరు అడుగుతారు, ఫోను అడుగుతారు, తండ్రి పేరు కూడా అడుగుతారు. బతికున్నావా అని ఎవరూ అడగరు, ఉన్నట్టే లెక్క. చచ్చిపోయిన మనిషిని మనసులో పెట్టుకున్నవాళ్లే ఆ రెండు మాటలూ రాస్తారు. ఆ నియమం ఎవరు రాశారన్నది అప్రస్తుతం అన్నావు చూడు, అప్పుడే తెలిసింది.

ఎందుకు రాశావు?

వదిన

*

ఇంట్లో, వంటగది బల్ల.
మార్చి 29

వదినా,

నేనే రాశాను. ఇంకో అబద్ధం కూడా చెప్పాను, ఈ వారమే కంటపడిందని. నాలుగేళ్లుగా తెలుసు. చదువరిలో మార్పు జరిగినప్పుడల్లా కావాలనుకున్నవాళ్లకి నోటీసు వస్తుంది కదా. అన్నయ్య పోయిన రెండో నెలలో ఒకటొచ్చింది. పంపినవారు అన్న చోట ఆయన పేరు. మెయిలు మూసేసి బట్టలు ఉతకడానికి వెళ్లాను. మర్నాడు మళ్లీ చూశాను. అప్పట్నుంచీ ఒక్కటీ తీసెయ్యలేదు. యాభై మూడూ ఉన్నాయి. ఎవరు పంపుతున్నారో తెలుసు, అడిగితే ఆగిపోతాయని అడగలేదు. చాలా?

పోయిన నవంబరు పంతొమ్మిదిన వచ్చింది గుర్తుందా? ఆయన పోయిన తారీకు. "దశాంశాలు ఇప్పుడు సరిగ్గా చదువుతోంది. ప్రాణం లేచొచ్చింది." కింద మా అన్నయ్య పేరు. బస్సు దొరికినా ప్రాణం లేచొచ్చిందంటావు, కరెంటు వచ్చినా అదే అంటావు, అది నీ నోటి మాట. ఆయన జన్మలో అనలేదు. ఆ రోజున, ఆయన పేరుతో, ఆ మాట. ఏ మనిషికైనా వంట్లో మంట పుడుతుందా పుట్టదా? ఆ సాయంత్రం ముసాయిదాలో "ఒక్క వ్యక్తి" అన్న మాట ముందు "బతికి ఉన్న" అని చేర్చాను. జనం భద్రత అంతా తర్వాత దొరికిన కారణం. మంచి కారణమే. కానీ తర్వాత దొరికిందే.

నువ్వు అడగమన్నట్టే మొన్న సమావేశంలో అడిగాను. బాధ్యులు అంటే ఒకరా, చాలామందా అని. చైర్మన్ గారు నవ్వి, "గౌరవవాచకమమ్మా, మిమ్మల్ని మీరు అంటున్నానుగా, మీరు ఇద్దరా?" అన్నారు. అందరూ నవ్వారు. చాలామందిని ఒప్పుకోవాలని ప్రతిపాదించాను. ఓటు పెట్టారు. ఎనిమిది మంది వద్దన్నారు, ఒకరు కావాలన్నారు. ఆ ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు. నమూనా ఆమోదం పొందింది. గోదాములవాళ్లు గందరగోళపడకుండా రెండేళ్ల దాకా ఒక్క అక్షరం మార్చకూడదని తీర్మానం కూడా చేశారు.

ఇక నీ సంగతి. ఐదుగురికి పదకొండో పేరా అడ్డం, ఒప్పుకుంటాను. నీకేం అడ్డం? నీకు యజమాని లేడు, కాగితం లేదు. బావి మీద పేరు చెక్కించుకోను అన్నావు. బాధ్యులు అంటే తవ్వినవాళ్లు కాదు వదినా. నీళ్లు చెడితే తిట్లు తినేవాళ్లు. నియమంలో అలాగే ఉంది, చదువు: ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పే వ్యక్తి. ఊరినంతా దులిపేసే నోరు నీది. తిట్లు తినాల్సిన చోట మాత్రం చచ్చిపోయినవాడి చొక్కా తొడుక్కుని నిలబడ్డావు.

కోపమొస్తే రానీ.

మరదలు

*

రిపేరు గది.
ఏప్రిల్ 20

అమ్మాయ్,

మూడు వారాలు నీకు జవాబు రాయలేదు. రాయడానికి కూచున్నప్పుడల్లా నీ మీద ఒక పేజీ తిట్లు వచ్చేవి, చివరికొచ్చేసరికి అవి నన్నే తిడుతున్నట్టు ఉండేవి. అలాంటివి నాలుగు చింపాను.

నవంబరు పంతొమ్మిది అని నేను చూసుకోలేదు. దశాంశాల తప్పు మూణ్ణెల్లు ఏడిపించింది. మందు పావు గ్రాము అయితే అది పాతిక గ్రాములని చదివేది. అది సరయ్యిందన్న సంతోషంలో చెయ్యి రాసేసింది. ఆ తారీకు మర్చిపోయి పనిచేసుకుంటున్నాననా నీ కోపం, గుర్తుండి ఆ మాట రాశాననా? మర్చిపోయాను. రెండింటిలో ఏది ఎక్కువ తప్పో నువ్వే చెప్పు.

పాలిటెక్నిక్‌లో నేను పాఠాలు చెప్పిన రోజులు నీకు తెలుసు. మానేశానని అందరికీ చెప్పాను. మానలేదు. ల్యాబు అటెండర్లని తీసేసినప్పుడు విన్నపం మీద మొదటి సంతకం నాది. మర్నాడు నా టైంటేబుల్లో గడులన్నీ ఖాళీ. తీసేశామని ఎవరూ అనలేదు, క్లాసులు లేవన్నారు, అంతే. అప్పటినుంచి నా నోరు పెద్దదయింది, సంతకం చిన్నదయింది. కరపత్రాలు రాస్తాను, కింద "కొందరు పౌరులు" అని పెడతాను. మీ అన్నయ్య పోయిన రెండో నెలలో చదువరి ఒక పఠన మందిరంలో మూగబోయిందని ఫోనొచ్చింది. సరిచేసి పంపాలంటే సంతకం కావాలి. ఆయన తాళంచెవి బల్ల మీదే ఉంది. ఒక్కసారికే అనుకున్నాను. సాయంత్రానికి ఎవరో రాశారు, "అన్నా, మళ్లీ మాట్లాడుతోంది, నువ్వు చల్లగా ఉండాలి" అని. ఎలా కాదనాలో తెలియలేదు. తర్వాత కాదనాలనీ అనిపించలేదు. దీనికి ఐదుగురి కాపుదల అని పేరు పెట్టుకున్నాను. నీకు జనం భద్రత దొరికినట్టే నాకు అది దొరికింది. మంచి కారణమే అది కూడా.

మొన్న ఆదివారం అందర్నీ పిలిచి చెప్పాను, బాధ్యులు వరుసలో నా పేరు పెడుతున్నాను అని. నసగాడు "పాత డబ్బాలో నడుస్తుందా" అన్నాడు, నన్ను చూస్తూ. నవ్వడం అయ్యాక ఆపరేటర్ అడ్డం తిరిగింది.

"నీ ఒక్కదాని పేరేంటక్కా? నాది పెట్టు."

"నీ ఆఫీసు వాళ్లు చూస్తే?"

"చూడనీ. చూపున్నోళ్లేగా, చూస్తారు."

"పదకొండో పేరా ఉంది."

"ఆ పేరా నాకు చదివి వినిపించింది చదువరే. అప్పుడు దానికి దశాంశాలు రావు, పదకొండు మాత్రం బాగానే చెప్పింది. తెలిసే సంతకం పెట్టాను. ఇప్పుడు తెలిసే ఇంకోటి పెడతాను."

ఇద్దరం గంటసేపు కొట్టుకున్నాం. ఒక్క పేరుకే చోటున్న వరుస మీది. ఆమె తగ్గదు, ఆమెని బలిపెట్టి నేను తప్పుకోను. మీ చైర్మన్‌కి కబురు పెట్టు, గౌరవవాచకాలు రెండు వచ్చి గుమ్మంలో కూచున్నాయని. గడువు ఇంకా నలభై రోజులుంది. దారి చూపించు, లేకపోతే అడ్డం లే.

వదిన

*

కిటికీ లేని గది.
ఏప్రిల్ 24

వదినా,

ఎక్కువ రాయను. పద్నాలుగో నియమం మళ్లీ చదువు. నేను అనుకున్నది కాదు, రాసింది చదువు.

"బాధ్యులు అన్న వరుసలో బతికి ఉన్న ఒక్క వ్యక్తి పేరు మాత్రమే ఉండాలి."

ఇప్పుడు మూడో నియమం చదువు. ఒక ప్రోగ్రాం నడవడానికి ఇంకో పది కావాలి, "కావలసినవి" అన్న వరుస పదిసార్లు రావాలి, దానికోసం నేనే రాశాను: "వేరుగా నిషేధించనంతవరకు ఏ వరుస అయినా ఒక ప్యాకేజీకి ఎన్నిసార్లయినా రావచ్చు."

వరుసలో ఎన్ని పేర్లుండాలో చెప్పాను. వరుసలు ఎన్నుండాలో చెప్పలేదు. తొమ్మిది మంది, పద్నాలుగు సమావేశాలు, ఒక్కరికీ తట్టలేదు. మీకోసం నేను కావాలనే వదిలానని కమిటీవాళ్లు అనుకుంటారు. కాదు. అచ్చమైన పొరపాటు. నిన్న నీ ఉత్తరం చదివి నీళ్ల గ్లాసు ఎత్తుతుంటే తట్టింది. తనిఖీ ప్రోగ్రాములో వేసి చూశాను. రెండు వరుసలు, రెండు పేర్లు, పచ్చదీపం. రెండేళ్ల దాకా అక్షరం మార్చకూడదని తీర్మానించింది వాళ్లే.

కార్యదర్శిగా ఈ లోపాన్ని నేను చైర్మన్ గారికి చెప్పాలి. చెబుతాను. జూన్ ఒకటిన.

అన్నయ్య వరుస మీరు తీసెయ్యాలి. తీసేటప్పుడు ఫారం కారణం అడుగుతుంది. మూడు ఇచ్చాను: రాజీనామా, బదిలీ, మరణం. మూడోది నేను చెయ్యలేను, నువ్వు చెయ్యి.

మరదలు

*

రిపేరు గది.
మే 14

మరదలు పిల్లకి,

తీసేశాను. మూడోదే నొక్కాను. "మీరు నిశ్చయంగా చెబుతున్నారా" అని అడిగింది మీ ఫారం. ఇంత మర్యాద ఎక్కడ నేర్పారు దానికి? అవునన్నాను. లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి, ఆ కింద వరుసలో నా పేరు రాశాను. తర్వాత వరుసలో ఆపరేటర్ తన పేరు తనే టైపు చేసింది.

మిగతా నలుగురూ తలలు వంచుకున్నారు. నేనేమీ అనలేదు, అననివ్వలేదు. ధైర్యం చందా కాదు, తలా ఇంత వెయ్యమనడానికి. నసగాడు ఆ రోజు ఒక్కసారి కూడా నస పెట్టలేదు, అది చూడలేకపోయాను.

తర్వాత జరిగింది నేను చేసింది కాదు. ఆపరేటర్ స్విచ్‌బోర్డు మనిషి కదా, మధ్యాహ్నం ఖాళీలో పఠన మందిరాలకి ఫోన్లు కలిపింది. చదువరికి కొత్త బాధ్యులు వచ్చారు, ఏదైనా తేడా వస్తే ఈ నంబరుకి తిట్టండి అని చెప్పడానికి. మూడో ఫోనులోనే చూపు పోయిన ఒక రిటైర్డు కండక్టరు అడిగాడట.

"బాధ్యులంటే ఏం చెయ్యాలమ్మా?"

"ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలి. తప్పుంటే తిట్లు తినాలి."

"ముప్పై ఏళ్లు బస్సులో అదే కదా చేశాను. నా పేరూ రాసుకో."

"మీకు ప్రోగ్రాం రాయడం రాదు కదండీ."

"రాయడం రావాలని రూల్లో ఉందా? రోజూ ఆరు గంటలు వింటాను. ఎక్కడ నత్తిగా మాట్లాడుతుందో మీకంటే నాకే తెలుసు. నన్నడిగితే జవాబు చెబుతాను."

రూల్లో లేదు. వెతికాం. ఆ మందిరంలో పక్కన కూచున్న పదిమంది కూడా వాళ్ల పేర్లు చెప్పారు. ఆ మందిరం ఇంకో మందిరానికి చెప్పింది. పది రోజుల్లో మా ఇద్దరివీ కలుపుకుని రెండు వందల ముప్పై ఏడు పేర్లయ్యాయి. లాయర్లున్నారు, మసాజు చేసేవాళ్లున్నారు, ఇంటర్ చదివే అమ్మాయిలున్నారు. ఒక ఇంట్లో నలుగురు. ఒకావిడకి చూపు బాగానే ఉంది, మా ఆయన పేరు పెట్టి నాది పెట్టకపోతే ఊరుకోనంది.

పేర్లన్నీ అక్షరక్రమంలో పెట్టాను. రెండు వందల ముప్పై ఏడు వరుసలు, వరుసకు ఒక్క పేరు, అందరూ బతికున్నవాళ్లే. తలలు వంచుకున్న ఆ నలుగురూ మొన్న రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసి పేర్లు కలపమన్నారు. కలిపాను. ఇప్పుడు రెండు వందల నలభై ఒకటి. ఇందులో ప్రోగ్రాం రాసేవాళ్లు ఎవరో, వినేవాళ్లు ఎవరో ఏ సంస్థ లాయరునైనా వచ్చి ఏరుకోమను. పదకొండో పేరా పట్టుకుని రిటైర్డు కండక్టరు మీద కేసు వెయ్యమను. చూస్తాను.

ఇన్నాళ్లూ ఆరుగురి వెనక ఒక చచ్చినవాణ్ణి నిలబెట్టాను. ఆరుగురి ముందు ఇంతమంది నిలబడతారని నాకు తట్టలేదు. జనం జనం అని ముప్పై ఏళ్లుగా అరుస్తున్నదాన్ని నేనే.

ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చేసి తనిఖీ చెయ్యాలని పదిహేనో నియమం అంటోంది. నువ్వు రాసిందే. చెయ్యి నొప్పెడితే మందు రాసుకో.

వదిన

*

కిటికీ లేని గది.
మే 31

వదినా,

చైర్మన్ గారు ఫైలు తెరిచి కిందికి జరుపుతూ, జరుపుతూ, జరుపుతూ పోయారు. మౌసు తిప్పి తిప్పి ఆపి, "ఏంటమ్మా ఇది, పెళ్లి ఆహ్వానమా?" అన్నారు. బాధ్యులు సార్, అన్నాను. "నియమం ఉద్దేశం ఇది కాదు కదా." ఉద్దేశం జాబితాలో పట్టదు సార్, అక్షరమే పడుతుంది, పద్నాలుగు సమావేశాల్లో మీరే నాకు నేర్పారు అన్నాను. "నువ్వు కావాలనే వదిలావు." లేదు సార్, పొరపాటు. మీ అందరి సంతకాలూ ఉన్నాయి దాని మీద. ఆయన ఫైలు మూసేసి, "రెండేళ్ల తర్వాత కార్యదర్శి మారతారు" అన్నారు. మారనీ. రెండేళ్లు ఈ అక్షరం ఉంటుంది. ఇదే సందులోంచి ఇప్పటికే ఇంకో పదకొండు ప్యాకేజీలవాళ్లు దూరి వచ్చారు. గడియారం ప్రోగ్రాముకి ఇప్పుడు తొమ్మిది వరుసలున్నాయి.

పదిహేను రోజులుగా ఫోన్లే. నా గొంతు నీ గొంతులా అయిపోయింది. పదిహేనో నియమం ప్రకారం మూడు ప్రశ్నలు. పేరేంటి, మీ ఇష్టంతోనే పెట్టారా, మూడోది, నీ మీద కోపంతో నేను రాసింది: మీరు బతికే ఉన్నారా? అవును కాదు అన్న టిక్కు చాలదు, జవాబు ఉన్నదున్నట్టు వాళ్ల మాటల్లోనే ఎక్కించాలి. అదీ నేను రాసిందే, నీ అబద్ధం నీ నోటితోనే పట్టుకుందామని.

నిన్ను అడిగినప్పుడు "నిన్నటిదాకా అనుమానమే" అన్నావు. అలాగే ఎక్కించాను. ఆపరేటర్ "లైనులోనే ఉన్నాను" అంది. ఇంటర్ అమ్మాయి ఒకతి "పరీక్షలయ్యేదాకా చెప్పలేను" అంది. కండక్టరు గారు నన్నే ఎదురడిగాడు, "కమిటీలో అందరూ బతికే ఉన్నారా అమ్మా" అని. లాయరు ఒకాయన దీనికి రాతపూర్వకంగా నోటీసిస్తే జవాబిస్తానన్నాడు, మళ్లీ వెంటనే నవ్వి ఉన్నానన్నాడు. ఒక్కరు కూడా ఉత్త "అవును" అనలేదు వదినా. రెండు వందల నలభై మందికి రెండు వందల నలభై రకాల జవాబులు. ఇంతకాలం వీళ్లని అడిగినవాళ్లు లేక దాచిపెట్టుకున్నట్టున్నారు.

ఆఖరి ఫోను ఇవాళ సాయంత్రం అయిదింటికి. గడువు ఆరింటికి. ఎక్కడో దూరపు మందిరంలో ముసలావిడ. వెనక చదువరి ఏదో పేపరు చదువుతున్న చప్పుడు వినపడుతోంది. పేరు చెప్పింది. ఇష్టంతోనే అంది. మూడో ప్రశ్న అడిగాను. ఆవిడ చదువరిని ఆపి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని అంది.

"ఉన్నాను. ఏం, అడ్డమా?"

ఉన్నదున్నట్టు ఎక్కించాను. జాబితా మీద కమిటీ సంతకం పెట్టి విడుదల చేశాను.

నీ మరదలు